పుష్కర సరస్సు: వెలుతురు వేళలు

పుష్కరమన్నంతనే మన తెలుగునాటి స్త్రీలకు పండ్రెండేండ్ల కొకసారి నదులకు వచ్చు పర్వము స్ఫురించును. గోదావరికి 2015 లోను, కృష్ణకు 2016 లోను వచ్చిన పుష్కరములలో ఒక్క మునకయైనను వేయని కుటుంబము మనలో అరుదు. ఆ పేరనే రాజస్థానమున, అజ్మీరు జిల్లాలో, ఒక చిన్న సరస్సును, దానిని చుట్టుకొని యొక చిన్న పట్టణమును గలవు. భారతమందలి అరణ్యపర్వమున తీర్థమహిమలు చెప్పుచు పులస్త్యుడు మొట్టమొదట ప్రశంసించినది ఈ పుష్కరమునే. నేడది యాత్రికులకే గాక దేశదేశముల ఛాయాచిత్రకారులకును తీర్థమైనది. ఆ పట్టణము ఏ వేళ, ఏ వెలుతురున, ఎచటనుండి చూడ సొంపుగా నుండునో, ఆ చూచుటలో స్త్రీలమగు మనకు తోచు ధర్మసందేహ మెట్టిదో సోదరీమణులకు విన్నవించుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మావారు ఉపాధ్యాయులగుటచే మా యాత్రలన్నియు బడి సెలవులకు లోబడి నడచును. దసరా సెలవులలో మేమిరువురమును, మా ఆడబిడ్డ కూతురును రైలులో అజ్మీరు చేరితిమి. అమ్మాయి కళాశాలలో చదువుచున్నది. ఫోటోలు తీయుటయందు మిక్కిలి ఆసక్తి. తండ్రి కొనియిచ్చిన కెమేరాను పసిబిడ్డను వలె ఒడినుండి దింపదు. మాకున్నది సెల్‌ఫోనులోని కెమేరా మాత్రమే. అజ్మీరునకును పుష్కరమునకును నడుమ నాగపహాడ్ అను కొండవరుస అడ్డముగా పడియున్నది. దూరము 15 కిలోమీటర్లకు లోపే. బస్సు మలుపులెక్కి ఆవలకు దిగునప్పటికి గాలి పొడిబారెను, నేల ఇసుకయయ్యెను. ముండ్లతుమ్మల నడుమ ఒంటెలు లాగు బండ్లు కానవచ్చెను. అంతలో తెల్లని మేడల గుంపు నడుమ, పళ్లెములో పోసిన నీటివలె, సరస్సు మెరసినది.

సరస్సు చుట్టును 52 స్నానఘట్టములు గలవు. మెట్లు వరుసలు వరుసలుగా నీటిలోనికి దిగును. మెట్లపైన మంటపములు, కమానులు, చిన్న చిన్న గుళ్లు, పూర్వపు రాజులు కట్టించుకొన్న విడిదులు. అంబరు రాజగు మానసింహుని పేర మానమహలు తీరముననే యున్నది. గాంధీమహాత్ముని అస్థికలు కలిపిన గౌఘాటునకు గాంధీఘాటను పేరు కూడ కలదు. సరస్సునకు పడమటి దెస ఎఱ్ఱని శిఖరముతో బ్రహ్మదేవుని ఆలయము. ఇండ్లగోడలు ఎక్కువపాలు సున్నపు తెలుపు. కొన్నిటికి నీలిమందు ఛాయ. ఇట్టి ఊరు వెలుతురునకు అద్దమువంటిది. ఉదయమున లేతగులాబి, మధ్యాహ్నమున కన్ను చెదరు తెలుపు, సాయమున పసుపు, మునిమాపున నీలము: ఒక్క దినమున ఒక్క గోడ నాలుగు చీరలు మార్చును.

ఈ సరస్సు వానలతో నిండునది. వానలు వెనుకాడిన యేడు దాని కష్టము చెప్పనలవికాదు. 2009 లో పూడిక తీయు పనులు జరుగుచుండగా నీరు చేరక సరస్సంతయు ఎండిపోయెను. ఆ యేటి కార్తికపున్నమకు వచ్చిన యాత్రికులు ప్రత్యేకముగ కట్టిన చిన్న తొట్లలో మునిగి తృప్తిపడవలసివచ్చెను. నీరు లేనినాడు మేడలకు ప్రతిబింబము లేదు. ప్రతిబింబము లేని పుష్కరము సగము పుష్కరమే. కావున వానకాలము వెళ్లిన పిమ్మట వచ్చు ఆశ్వయుజ కార్తికములు చూచుటకు మేలైన మాసములు. గాలిలోని దుమ్ము కడుగబడి యుండును, సరస్సున నీరుండును. కార్తికమున ఒంటెల సంతయు, దానితో జనసమ్మర్దమును వచ్చును. ఆశ్వయుజమున ఊరు నెమ్మదిగా తన పని తాను చూచుకొనుచుండును.

ఇక కాలమును గురించి యొక మాట. మన దేశమంతటికి గడియారము ఒక్కటే. అది 82½ డిగ్రీల తూర్పురేఖను బట్టి నడచును. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోవును. పుష్కరము 74½ డిగ్రీల చెంత నున్నది. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషముల చొప్పున అచట సూర్యుడు 32 నిమిషములు వెనుకబడును. దసరా నాళ్లలో మన కృష్ణాతీరమున ఆరింటికే ప్రొద్దు పొడుచుచుండగా పుష్కరమున ఆరున్నర కావచ్చును. అదియు పంచాంగపు లెక్కయే. తూర్పున నాగపహాడ్ అడ్డముగా నుండుటచే సూర్యబింబము కొండపైకి వచ్చి మెట్లను తాకుటకు మరికొంత సేపు పట్టును. ఆ కారణముననే ఇచట తెల్లవారుజాము దీర్ఘము. ఆకాశము వెలుగుచునే యుండును, ఎండ మాత్రము రాదు. నీడలు లేని ఆ మెత్తని వెలుతురు ఇంతసేపు నిలుచు ఊళ్లు తక్కువ.

సంస్కృతమున ఛాయ యను మాటకు నీడయనియు, కాంతియనియు రెండర్థములు గలవు. ఛాయాచిత్రమను పేరు పెట్టినవారెవరో గాని రెండర్థములును ఎరిగియే పెట్టిరని తోచును. ఉదయ సాయంకాలముల వెలుతురు ఏల మేలైనదో మా అమ్మాయి మాకు చక్కగా బోధించినది. సూర్యుడు దిగంతమున నున్నప్పుడు ఆతని కిరణములు, నడినెత్తిన నున్నప్పటికంటె సుమారు 38 రెట్ల గాలిని దాటి రావలసియుండును. ఆ దారిలో నీలపు కాంతి చెల్లాచెదరైపోయి, ఎఱుపును పసుపును మిగులును. పైగా ఏటవాలుగా పడిన ఎండ ప్రతి మెట్టునకును ప్రక్క నీడ నిలిపి, మెట్టు మెట్టుగా కనబరచును. మధ్యాహ్నమున మెట్లన్నియు కలిసి ఒక్క సున్నపు గోడగా తోచును. పుష్కరము కర్కటరేఖకు ఉత్తరమున నుండుటచే అచట సూర్యుడెన్నడును సరిగ నడినెత్తికి రాడు. ఆశ్వయుజమున మధ్యాహ్నమందు సుమారు 60 డిగ్రీల ఎత్తున నుండును. ఐనను ఆ తెల్లని గోడలపై ఆ ఎండ కంటికే కష్టము, కెమేరాకు మఱింత కష్టము.

తెల్లని ఊరిని తీయువారు మఱియొకటి తెలిసికొనవలయును. కెమేరాకు తెలుపు తెలియదు. తన కెదుట నున్నదెల్ల నడిమి బూడిదరంగని తలచి లెక్క కట్టును. కావున సున్నపు గోడ నిండిన చిత్రము బూడిద పూసినట్లు వచ్చును. కొంచెము వెలుతురు హెచ్చించిననే తెలుపు తెలుపగును. గోడపై నెండ తీక్షణముగా నున్న వేళ దీనికి వ్యతిరేకముగా తగ్గింపవలయును. లేనిచో తెలుపంతయు కరగి గోడలోని పగుళ్లు, గీతలు, పావురములు మాయమగును. సెల్‌ఫోనున తెరపై తెల్లని చోటును వ్రేలితో తాకి, అచట పొడచూపు సూర్యుని గుర్తును పైకో క్రిందికో జరిపిన చాలును. ప్రతిబింబము కావలసినవారు నీటి చెంతకు దిగి కూర్చుండవలయును. నీటిని నిట్టనిలువుగా చూచినపుడు దానిపై పడిన వెలుతురులో నూటికి 2 పాళ్లు మాత్రమే తిరిగి కంటికి చేరును. ఏటవాలుగా చూచినకొలది ఆ పాలు పెరుగును. తెల్లవారుజామున గాలి లేవక ముందు నీరు కదలక నిలిచియుండును. ఆ అరగంటయే అద్దము. తరువాత ఒక్క పావురము దిగి త్రాగినను అద్దము పగులును.

ఇంతవరకు చెప్పినది వెలుతురు సంగతి. ఇక సందేహము సంగతి. మొదటి దినమున నాలుగున్నరకే లేచి, చెప్పులు దూరముననే విడిచి, మేము మువ్వురమును ఒక ఘట్టము పైమెట్లపై కూర్చుంటిమి. స్నానఘట్టములయందు ఫోటోలు తీయరాదని ఫలకములు కట్టియున్నవి. అమ్మాయి వానిని చదివినది. ఎదుటి మేడల ప్రతిబింబము మాత్రమే తీసికొందునని ఒడిలో కెమేరాతో వేచియుండెను. ఆరున్నర దాటి కొంతసేపైన పిమ్మట నాగపహాడ్ మీదుగా మొదటి కిరణము వచ్చి ప్రక్కఘట్టమున పడినది. అప్పటికే అచట స్త్రీలు నీటిలో దిగియున్నారు. పల్లెలనుండి రాత్రియంతయు ప్రయాణము చేసి వచ్చినవారు కాబోలు. ముసలివారు, కోడండ్రు, చంకబిడ్డలు. తడిసిన ఎఱ్ఱ పసుపు వలువలపైనను, దోసిళ్లనుండి జారు నీటిపైనను ఆ బంగారుటెండ పడినప్పటి సొంపు మా జన్మమున మరువరానిది.

“అత్తయ్యా! ఇంత చక్కని వెలుతురు మళ్లీ దొరకదు గదా!” అని అమ్మాయి మెల్లగా అనెను. ఆ మాట ముగియకమునుపే ఎదుటి మిద్దెపైన ఒక పురుషుడు మూరెడు పొడవు లెన్సు గల కెమేరాను పిట్టగోడపై ఆనించి ఆ స్త్రీలవైపు త్రిప్పుట కనబడెను. మాకంటె ముందుగా నీటిలోని యొక వృద్ధురాలు చూచినది. ఆమె కేకవేయలేదు, తిట్టలేదు. నడుములోతు నీటిలో నిలిచి, తన ఓఢనీని తలమీదనుండి తీసి రెండు చేతులతో చాచి తెరగా పట్టెను. ప్రక్కనున్న ఇద్దరు తమ వలువలు కూడ చాచిరి. ఆ మూడు వస్త్రముల మరుగున కోడండ్రు గట్టెక్కి పొడిబట్టలు కట్టుకొనిరి. వెనుకనుండి పడిన ఎండకు ఆ తెర దీపము పెట్టిన కాగితపు గుడిసెవలె వెలిగినది. ఆ ఉదయమున పుష్కరమునందు అంతకంటె అందమైన దృశ్యము లేదు; ఆ అందమే చూడవద్దని చెప్పుచున్న తెర. అమ్మాయి కెమేరాకు మూత పెట్టెను.

విడిదికి మరలిన పిమ్మట పెద్ద చర్చ నడచినది. మావారు బడిలో పిల్లలచేత వాదము చేయించు అలవాటున, ప్రతిపక్షము తామే పూనిరి. “అది బహిరంగస్థలము గదా. వేలమంది చూచుచున్న చోట కెమేరా చూచిన తప్పేమి?” అనిరి. స్త్రీ ఏకాంతమున నుండగా ఆమె సమ్మతి లేక చిత్రము తీయుట నేరమని 2013 లో శిక్షాస్మృతికి చేర్చిరి. 2024 జూలైనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో అది 77వ సెక్షనుగా నున్నది. ఆ సంగతి వారెరుగుదురు. ఘట్టము ఏకాంతమగునా కాదా యనుటయే వారి ప్రశ్న.

మేమిట్లంటిమి. ఘట్టము అందరిదే, కాని అది నీటికి అందరిది, చూపునకు కాదు. మన ఊళ్ల రేవులలో గోడలుండెనా? తలుపులుండెనా? ఐనను స్త్రీలు శతాబ్దములుగా స్నానములాడిరి. రేవునకు వచ్చు పురుషుడు దూరముననే దగ్గెడివాడు, ముఖము త్రిప్పుకొనెడివాడు. ఆ దగ్గే గోడ, ఆ ముఖము త్రిప్పుకొనుటయే తలుపు. మనుష్యుని కన్ను చూచినను మరచును; కెమేరా మరువదు. నేడు సెల్‌ఫోనున పడిన చిత్రము సాయంకాలమునకు ఎన్ని చేతులకు పోవునో తీసినవానికే తెలియదు. ఆ నీటిలో నిలిచిన కోడలు తన పాపములు పోవలెనని మునిగినదే గాని, తన తడిచీర పరదేశముల గోడలపై వ్రేలాడవలెనని గాదు.

ఈ సరస్సునకు ఆ కథ క్రొత్తదియు గాదు. శ్రీరామాయణము బాలకాండమున విశ్వామిత్రుడు తపస్సు చేసినది ఈ పుష్కరముననే. మేనక స్నానమునకు వచ్చినదియు ఈ నీటికే. ఆమెను చూచి ముని తపస్సు విడిచెను. పదియేండ్లు ఒక్క దినమువలె గడచెను. లోకము నేటికిని మేనకనే ఆడిపోసికొనును. వాల్మీకి మాత్రము అట్లు చేయలేదు. మునికి తెలివి వచ్చినపుడు, వణకుచు చేతులు జోడించిన మేనకను శపింపక, మంచిమాటలతో పంపివైచి, తాను ఉత్తరపర్వతమునకు పోయెను. చూచిన కన్నుదే పూచీయని ఆ మహర్షికి పదియేండ్లకు తెలిసినది. మావారు నవ్వి, “ప్రతిపక్షము ఓడినది” అనిరి. అమ్మాయి మాత్రము నవ్వలేదు. “అయితే అత్తయ్యా, మంచి వెలుతురు వేళకే వాళ్లు స్నానానికి వస్తారు. మరి నేను ఊరిని ఎప్పుడు తీయను?” అనెను. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానము వెదకుచునే మిగిలిన మూడు దినములును గడపితిమి. దొరకిన సమాధానములను వరుసగా చెప్పెదము.

మొదటిది, సావిత్రీదేవి కొండ. బ్రహ్మ యాగమునకు కూర్చుండి ముహూర్తము మించునని సావిత్రిని పిలువనంపగా, ఇంటిపని తెమలలేదు, తోడి దేవతాస్త్రీలు ఇంకను రాలేదు, తాళుడని ఆమె వర్తమానమంపెనని పద్మపురాణ కథ. పురుషులకు ఓపిక యెక్కడిది? గాయత్రిని తెచ్చి పెండ్లాడి యాగము సాగించిరి. సావిత్రి వచ్చి చూచి, నీకు లోకమున పూజ లేకుండుగాకయని శపించి, రత్నగిరి యెక్కి కూర్చుండెను. ఇల్లు సర్దుకొని గడప దాటుటలో ఆలస్యమైన ప్రతి గృహిణియు ఆ తల్లికి నమస్కరింపక మానదు. కొండయెక్క మెట్లున్నవి, 2016 నుండి తీగదారి బండ్లు కూడ నడచుచున్నవి. పైనుండి చూడ, ఇసుకనేలపై రాల్చిన ఆలిచిప్పలవలె తెల్లని ఊరు, నడుమ సరస్సు. మనుష్యులు నువ్వుగింజలంత, ఎవరి ముఖమును ఎవరికిని చిక్కదు. తెల్లవారున సూర్యుడు ఎదుటి కొండలమీదుగా లేచుటచే నీరు మాత్రము కరగిన వెండివలె వెలుగును, ఊరు నీడబొమ్మయగును. సాయంకాలమున సూర్యుడు మన వీపువైపునకు వచ్చుటచే అదే ఊరు పసుపు పూసికొని ఎదుట నిలుచును. ఒక్క చోటనుండి రెండు ఊళ్లను చూడవలెననువారు రెండుమార్లు కొండ యెక్కవలయును.

రెండవది, ఓపిక. ఎనిమిది దాటిన పిమ్మట స్నానములు చాలవరకు ముగిసి ఘట్టములు ఖాళీ యగును. ఆశ్వయుజమున ఎనిమిదిన్నరకు సూర్యుడింకను ఆకాశమున మూడవపాలైనను ఎక్కియుండడు. మెట్ల నీడలు చెదరియుండవు. తడిమెట్లపై పాదముల గుర్తులు, విడిచిన బంతిపూలు, ఆరవేసిన ఎఱ్ఱచీర, నూకలు తిను పావురములు. స్నానము చేసినవారు లేకయే స్నానమంతయు కానవచ్చును. ఐనను ఫలకము ఫలకమే గనుక అచటి పూజారి నడిగి, నీళ్లలో ఎవరును లేని వేళ ఆయన సరేయనిన పిమ్మటనే అమ్మాయి మెట్లను తీసినది.

మూడవది, వీధులు. ఎండ ముదిరిన వేళ ఘట్టములు విడిచి బజారులోనికి పోవలయును. ఇరుకు సందులలో ఎండ నేరుగా దిగదు; ఎదుటి తెల్లగోడపై పడి మెత్తబడి ఇవతలకు వచ్చును. అచట మన కన్నులకు పండుగయైన దొకటి కలదు. రాజపుత్రస్థానపు మేడల నడుమ అచ్చముగా మన దక్షిణాది గోపురము! పాత రంగజీ ఆలయమది. 1823 లో హైదరాబాదు వర్తకుడగు సేఠ్ పూరన్‌మల్ గనేరీవాల్ కట్టించెను. హైదరాబాదులోని సీతారామ్‌బాగ్ ఆలయమును ఆయన కట్టించినదే. ఇంత దూరము వచ్చి గోపురము క్రింద నిలుచుండగా మాకు ఇంటి గుమ్మము త్రొక్కినట్లు తోచినది. గోపురపు బొమ్మలకు ఎదుటి ఎండకంటె ప్రక్క ఎండ మేలు; బొమ్మ చెంతనే నీడ నిలిచి ముక్కు, చేయి, మడత స్పష్టముగా తేలును.

నాలుగవది, సూర్యాస్తమయము. జయపూరు ఘట్టమున కూర్చుండి పడమటి దెస చూచినచో సూర్యుడు నీటికావల దిగును. అపుడు మనుష్యులెవరైనను నల్లని ఆకారములే. నడకయు, నడుమున కుండయు కనబడునుగాని ముఖము కనబడదు. బింబము దిగగానే కెమేరా మూసి లేచిపోవువారు పెక్కుమంది. అది తొందరపాటు. ఆ తరువాత ఇరువది నిమిషములకు పైగా ఆకాశమున నీలపు వెలుతురు నిలుచును. అపుడు ఘట్టములలో దీపములు వెలుగును. దీపపు పసుపును ఆకాశపు నీలమును సమముగ తూగు ఆ కొద్దిసేపే తెల్లనిగోడల ఊరు మిక్కిలి సొంపుగా నుండునని మా తీర్పు. చేయి వణకని చోట, పిట్టగోడపైనో స్తంభమునకో ఫోను ఆనించి తీసిన చాలును.

ఇక అయిదవది మేము వెదకినది గాదు, అదియే వచ్చినది. మూడవనాటి ఉదయమున స్నానములైన పిమ్మట ఒక మంటపమున కూర్చుండియుండగా, ముసుగు వేసికొన్న యొక కోడలు అమ్మాయి చెంతకు వచ్చి కెమేరాను చూపి ఏమో అడిగెను. మావారికి హిందీ వచ్చును. “వాళ్ల అత్తగారికి ఒక ఫోటో తీయుమనుచున్నది. ఆమెకు ఆధారుకార్డు మీది బొమ్మ తప్ప వేరొకటి లేదట” అని చెప్పిరి. అత్తగారికి డెబ్బదియేండ్లు దాటియుండును. ఎండలో కూర్చుండబోవుచుండగా అమ్మాయి చేయిపట్టి మంటపపు అంచున, నీడలో, ఆకాశమువైపు మొగముగా కూర్చుండబెట్టినది. సూర్యుని తేజస్సు నోర్వలేక సంజ్ఞాదేవి తన చోట ఛాయను నిలిపిపోయినదను కథ మనము విన్నదే. ముఖచిత్రమునకును ఛాయయే శరణ్యము. తెరచిన ఆకాశమువైపు తిరిగిన నీడలో కన్నులు చిట్లవు, ముడుతలు కఠినముగా కనబడవు.

ఆ వృద్ధురాలు ఓఢనీని మూడుమార్లు సర్దుకొని, రెండుచేతులును మోకాళ్లపై నిలిపి, నవ్వక, కెమేరాను తేరిపార చూచినది. తీసిన చిత్రమును కోడలికి చూపగా ఆమె వ్రేలితో దానిని పెద్దదిచేసి, అత్తగారి ముక్కుపుడక కనబడుటలేదు, మరియొకటి తీయుమనెను. మరియొకటి తీసితిమి, అందు ముక్కుపుడక మెరసినది. ఆ చిత్రమును అపుడే ఆమె ఫోనునకు పంపితిమి. మా ఫోనులోగాని, అమ్మాయి కెమేరాలోగాని ఆ చిత్రమును ఉంచుకొనవచ్చునా యని అడుగగా అత్తాకోడండ్రు ఒకరినొకరు చూచుకొని నవ్విరి. ఉంచుకొమ్మనిరి, కాని లోకమునకు చూపవద్దనిరి. కావుననే ఈ వ్యాసముతో దానిని పంపుటలేదు. స్త్రీలకు చిత్రమన్న అయిష్టము లేదు. తాము కూర్చుండి, తల సర్దుకొని, తాము కోరిన ముక్కుపుడకతో, తాము చెప్పిన చోటికి మాత్రమే పోవు చిత్రము కావలయును. అంతియే.

అమ్మాయి పుష్కరమునుండి తెచ్చిన చిత్రములలో ఏరి కూర్చినవి 23. వానిలో కొండపైనుండి తీసినవి, నీలివేళవి, గోపురపువి, తడిమెట్లవి కలవు. వాని నన్నిటిని కళాశాలలో చూపవచ్చును. ఆ ఎండలో వెలిగిన మూడు వస్త్రముల తెర వానిలో లేదు. దానిని మేము చెప్పగలిగినంత మేరకు ఇచట మాటలతో చెప్పితిమి.

2027 లో గోదావరికి పుష్కరములు. మన రేవులలోను తెల్లవారుటెండ పడును, మన తల్లులు, అక్కచెల్లెండ్రు నీట దిగుదురు, మిద్దెలపైనను పడవలపైనను కెమేరాలు వేచియుండును. మన ఇండ్లలోని పిల్లల చేతులలోను కెమేరాలుండును. పోవునపుడు చెంబు, పసుపు, పొడిబట్టలతోపాటు ఒక వెడల్పాటి దుప్పటి కూడ మూటలో పెట్టుకొనుడు. తెర పట్టుటకు ఇరువురు చాలుదురు. ఇంటిలోని పిల్లలకు మాత్రము వెలుతురు వేళలతోపాటు కెమేరాకు మూత పెట్టవలసిన వేళను కూడ ముందుగానే చెప్పి పంపుడు.